కంటి ఎత్తు

షార్జాల, పెద్ద మాలు కింది అంతస్తుల
తొమ్మిదేండ్ల సంది నా పని ఇదే:
ఏది ఎవలి కంటి ఎత్తుకు రావాల్నో
దాన్ని అక్కడ పెట్టుడు.
బియ్యం మోకాళ్ల కాడ.
బియ్యానికి ఎవలైనా వంగుతరు.
పిరమైన తేనె, చూపు ఆగే అరల.
చాక్లెట్లు బిల్లు కట్టే కాడ,
ట్రాలీల కూసున్న పోరగాని చేతికి
జానెడు దూరంల.

పొద్దుగాల ఏడింటికి బేకరీ వెనుక బటన్ ఒత్తుత.
రొట్టె వాసన గాలిల కలుస్తది.
పొయ్యి ఇంకా అంటుకోనే లేదు.
తెల్ల కందూరా తొడిగిన పెద్దమనిషి, రోజూ వచ్చేటాయన,
ముక్కుపుటాలు జరంత ఉబ్బుతయి,
ట్రాలీ ఎడమకు తిరుగుతది.
ఎందుకు తిరిగినవని అడుగుండ్రి,
"పిల్లలు రొట్టె తెమ్మన్నరు" అంటడు.
అబద్ధం కాదు.
ఆయనకు తెలిసింది అంతే.

రమదాన్ల మాపటీలి బటన్ పనే ఉండది.
ఉపాసమున్నోని ట్రాలీల
నలుగురి ఆకలి కూసుంటది.

మా రూముల లింబాద్రి ఇవన్నీ నమ్మడు.
"నా చెయ్యి నా మాట ఇంటది గని
నీ బటన్ మాట ఇంటదార" అంటడు.
అన్న రాత్రే మూడు టార్చిలైట్లు పట్టుకొచ్చిండు.
ఎందుకురా అంటె, సగం ధర అన్నడు.
మూడు షిఫ్టులోళ్లు పండే రూము మాది,
లైటు ఆర్పిన రోజు లేదు.
మస్తు నవ్విన.

నవ్వినోని సంగతి గూడ చెప్పాలె గద.

మార్చిల నా కాంట్రాక్టు అయిపోయింది.
ఇగ చాలనుకున్న.
కోరుట్లల గంగరాజంతోని కలిసి కూలర్ల రిపేరు దుకాణం,
షట్టర్ కిరాయి సుత మాట్లాడుకున్నం.
"నాకొద్దు సార్, పోత" అనే ముక్క
హిందీల, మలయాళంల, అరబ్బీల
మూడు తీర్ల నేర్చుకొని పోయిన.

ఆఫీసు గేటు కాడ బంగ్లా పిల్లగాడు
ఖర్జూరం చెట్టు మొదట్ల పైపు పెట్టిండు.
నేను ఆగలే. అటు చూడను గూడ చూడలే.

లోపట మెత్తటి కుర్చీ.
యాలకుల చాయ, కప్పు పట్టుకుంటె
చేతులు వెచ్చగైనయి.
కాయితం నా దిక్కే తిప్పి ఉన్నది.
పెన్ను మూత ముందే తీసి ఉన్నది.
"రెండేండ్లా, మూడేండ్లా?" అన్నడు సజీర్ సార్.
నేను తెచ్చుకున్న మాట
ఆ రెండిట్ల లేదు.
"రెండే" అన్న, గట్టిగ,
బేరం గెలిచినోని తీర్గ.

గంగరాజానికి దినార్లు, దిర్హాలు, రేట్లు,
షట్టర్ కిరాయి ఎక్కువైందని, ఎండాకాలం సగం పోయిందని
ఎన్ని చెప్పిన్నో.
చెప్పుకుంట చెప్పుకుంట నేనే నమ్మిన.
"సరే తియ్" అన్నడు.
ఆ "తియ్" ఇంకా చెవుల ఉన్నది.

నెలైనంక జీతం కాయితం కోసం
మళ్ల అదే గేటు దాటుతుంటె
ఎండిన మన్ను మీద నీళ్లు పడ్డ వాసన
ముక్కుకు కొట్టింది.
తొలకరి.
నిలబడిపోయిన.
ఆ దినం గూడ ఇదే, ఇదే వచ్చి
నాకు తెల్వకుంటనే లోపలికి పోయింది.
ఇంటికి పోయి, నాలుగొద్దులుండి,
కడుపు నిండ తిని మళ్లొచ్చినోని లెక్క అయిన నేను.
పోయొచ్చినోడు మళ్ల పోత అంటడా?

ఏమో.
చాయనో, కుర్చీనో, మూత తీసిన పెన్నో.
లేకుంటె దుకాణం నడవదని లోపల్లోపల భయమో.
ఈ వాసన కథ గూడ
ఎవడో ఎక్కడ్నో బటన్ ఒత్తితె
పుట్టిందేమో.

నిన్న పొద్దుగాల ఏడైంది.
వేలు బటన్ దాక పోయి ఆగింది.
ఒత్తలే. చూద్దాం అనుకున్న.
కందూరా పెద్దమనిషి వచ్చిండు.
గాలిల ఫినాయిలు తప్ప ఏం లేదు.
ట్రాలీ ఎడమకే తిరిగింది.

పొయ్యి చల్లగున్నది.
నా నోట్ల గూడ
నీళ్లూరినయి.